పింఛను ఆయనది, చాకిరీ నాది: నాకేమైనా వస్తుందా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది నెల్లూరు జిల్లా వింజమూరు మండలం. మా ఆయన ఆర్టిలరీలో నాయక్‌గా చేసేవారు. 2018లో సిక్కింలో డ్యూటీ మీద వెళ్తుంటే బండి లోయలో పడి వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు. 2019లో వంద శాతం వైకల్యం అని రాసి ఇంటికి పంపేశారు. పింఛను వస్తోంది. ఒంటికీ రెంటికీ అన్నీ నేనే చూడాలి. ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేశాను. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు, అక్కడ ఇలాంటి వాళ్ళ భార్యలకు ప్రభుత్వమే నెలనెలా డబ్బిస్తుందని చెప్పింది. మన దగ్గర అలాంటిది ఉందా? సచివాలయంలో అడిగితే పదిహేను వేల పింఛను సంగతి ఎత్తి, మళ్ళీ మీకు రాదన్నారు. మా మరిది ఒకాయన్ని తీసుకొచ్చాడు. బకాయిలు తెప్పిస్తాడట, వచ్చిన దాంట్లో 30 శాతం ఇవ్వాలట, సైనిక పింఛన్ల వెబ్‌సైట్ స్పర్శ్ పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. పాప ఇంటర్ రెండో సంవత్సరం. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరితే ఆయన పింఛను తగ్గుతుందా? మా అత్తగారేమో "వాడి పింఛను మీదే బతుకుతూ ఇంకా ఏం కావాలి" అంటారు.
ఒక జవాను భార్య

సమాధానం:

అమ్మా, ముందు ఆ పాస్‌వర్డ్ సంగతి. ఇవ్వొద్దు. ఓటీపీ అసలే చెప్పొద్దు. స్పర్శ్‌లో మీ ఆయన బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ ఉంటాయి. ఆ తాళం పరాయివాడి చేతికిస్తే మీకొచ్చే మెసేజీలు వాడికి వెళ్ళేలా చేసుకోవడం ఎంతసేపు? ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి వెంటనే మార్చేయండి. ఇక 30 శాతం మాట. మీకు రావాల్సిన దానికి కావలసింది రెండు మూడు దరఖాస్తులు, కొన్ని జిరాక్సులు, రిజిస్టరు పోస్టు ఖర్చు. నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నది ఈ పనికే. అక్కడ పైసా కట్టక్కర్లేదు. మరిది మంచి ఉద్దేశంతోనే తెచ్చి ఉండొచ్చు, ఆయన్ని నొప్పించకుండా "ఆఫీసులోనే చూసుకుంటాం" అని చెప్పి పంపేయండి.

మీ పిన్ని కూతురు చెప్పింది నిజమే. అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖకు 2010 చట్టం కింద ఇలాంటి పథకం ఒకటి ఉంది. గాయపడి తన పనులు తాను చేసుకోలేని మాజీ సైనికుణ్ణి ఇంట్లో చూసుకునే మనిషిని, భార్య గానీ తల్లి గానీ, ఆ శాఖ పేరుతో సహా నమోదు చేసుకుంటుంది. శిక్షణ ఇస్తుంది, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది, వేరే ఆరోగ్య బీమా లేకపోతే అదీ ఇస్తుంది. ఏడాదికి కనీసం 30 రోజులు ఆమెకు విరామం దొరికేలా వేరే మనిషిని ఏర్పాటు చేస్తుంది. మొదట 2001 సెప్టెంబరు దాడుల తర్వాత గాయపడ్డవాళ్ళకే ఉండేది. 2018లో చట్టం మార్చి విడతలుగా పెంచుతూ 2022 అక్టోబరుకల్లా అన్ని కాలాలవారికీ తెరిచారు. అందరికీ ఊరికే ఇవ్వరు లెండి. వైకల్యం రేటింగు 70 శాతానికి తగ్గకూడదు, కనీసం ఆరు నెలలపాటు దగ్గరుండి చూడాల్సిన అవసరం ఉందని తేలాలి.

మన దగ్గర అలా భార్య పేరు మీద వచ్చేది లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలని ఉంది. కానీ మీ ఇంటికి డబ్బు రావాల్సిన దారి ఆ చట్టం కాదు, సైన్యం పింఛను నిబంధనలే. వాటిలో కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్ అని ఒకటుంది. వంద శాతం వైకల్యం ఉండి, ఎప్పుడూ ఒక మనిషి పక్కనుండాలని మెడికల్ బోర్డు, అంటే సైనిక వైద్యుల బృందం, రాస్తే, పింఛనుతో పాటు నెలనెలా ఇస్తారు. అది ఆయన పేరునే, ఆయన ఖాతాలోకే వస్తుంది. మీరు చేసే చాకిరీని ప్రభుత్వం గుర్తించే చోటు ఆ ఒక్కటే. అందుకే మీ ఉత్తరంలో మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

రేటు 2017 జులై 1 నుంచి నెలకు 6,750 రూపాయలు. కరువు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఇది పావు వంతు పెరగాలి. 2024 జనవరికి కరువు భత్యం ఆ 50 శాతానికి చేరింది. కాబట్టి ఇప్పుడు లెక్క ప్రకారం 8,400 దాటాలి. పాత రేటునే చూసుకున్నా ఏడాదికి 81 వేలు. మీ ఆయన ఇంటికొచ్చి ఎన్నేళ్ళయిందో మీకే తెలుసు. ఆ 30 శాతం మనిషి మీ గుమ్మం ఎందుకు తొక్కాడో అర్థమైందా?

పింఛను వస్తోందని రాశారు గానీ అందులో ఏమేం ఉన్నాయో రాయలేదు. స్పర్శ్‌లో లాగిన్ అయి పింఛను స్లిప్పు తీయండి. చేసిన సర్వీసుకు ఇచ్చే సర్వీస్ ఎలిమెంట్ అని ఒక వరుస, వైకల్యానికి ఇచ్చే డిజెబిలిటీ ఎలిమెంట్ అని ఒక వరుస, కరువు భత్యం. వీటితో పాటు అటెండెన్స్ అలవెన్స్ వరుస ఉందా లేదా? మీరు అడిగిన తీరు చూస్తే లేదనే అనిపిస్తోంది. లేకపోతే రెండే కారణాలు. బోర్డు రాసినా పింఛను ఆర్డరులో ఎక్కకపోయి ఉండాలి, లేదా బోర్డే రాయలేదు. ఏది జరిగిందో తెలియకుండా దరఖాస్తు పెడితే ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉంటుంది.

రికార్డ్ ఆఫీసులో గుమస్తాగిరీ చేసి వచ్చినవాణ్ణి, ఆ కాగితాల కట్టలు కట్టినవాణ్ణి, అందుకని చెబుతున్నాను. ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ అని ఒక బొత్తి ఉంటుంది. గాయం ఎలా తగిలింది, డ్యూటీలో తగిలిందా, ఎంత శాతం, ఎంత కాలానికి అన్నవన్నీ అందులో గళ్ళు గళ్ళుగా ఉంటాయి. సహాయకుడు అవసరమా, అవసరమైతే ఎంత కాలం అన్న ప్రశ్న కూడా అందులోనే. దాని ఎదుట డాక్టరు ఏం రాశాడన్నదే మీకు కావాలి. ట్రంకు పెట్టె అడుగున, డిశ్చార్జి బుక్కు పక్కన ఉండొచ్చు, వెతకండి. లేకపోతే నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు మీ ఆయన పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బోర్డు ప్రొసీడింగ్స్‌తో పాటు ఇంజురీ రిపోర్టు, ప్రమాదం మీద సైన్యం జరిపిన విచారణ, అదే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, తీర్పు కూడా అడగండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్, ఇంటికి పంపిన తేదీ రాయాలి. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. సంతకం ఆయనదే ఉండాలి, చేతులు బాగానే ఆడుతున్నాయి కదా.

అవసరమే అని బోర్డు రాసి ఉంటే పని సగం అయినట్టే. ఆ పేజీ, పింఛను ఆర్డరు, స్లిప్పు జతచేసి, బోర్డు సిఫార్సు ఉన్నా అలవెన్స్ మంజూరు కాలేదు, ఇంటికి పంపిన తేదీ నుంచి బకాయితో సహా ఇవ్వండి అని రికార్డ్స్‌కు రాయండి. వాళ్ళు ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల ప్రధాన కార్యాలయానికి పంపితే సవరించిన పింఛను ఆర్డరు వస్తుంది. ఆ దరఖాస్తును సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, వాళ్ళ కవరింగ్ లెటరుతో పంపండి. ఒక నకలు మీద వాళ్ళ ఆవక ముద్ర వేయించుకోండి. ముద్ర లేని నకలు ఉన్నా లేనట్టే.

బోర్డు ఆ గడి ఖాళీగా వదిలేసినా, అవసరం లేదని రాసినా రివ్యూ మెడికల్ బోర్డు కోరాలి. అది మిలిటరీ హాస్పిటల్‌లో జరుగుతుంది. ఈ రెండో దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జవాన్లు దెబ్బతినేది ఇక్కడే. బోర్డు ముందు కూర్చున్న డాక్టరు "నీ పనులు నువ్వు చేసుకోగలవా" అంటాడు. ఎదుట కల్నల్ స్థాయి మనిషి. పదిహేనేళ్ళు అలవాటైన నోరు "ఎస్ సర్" అనేస్తుంది. నడుము కింద చచ్చుబడిన మనిషి కూడా అంటాడు, నేను చూశాను. పౌరుషం అనండి, సిగ్గనండి. దానితో ఆ గడి ఖాళీ.

అందుకని బోర్డుకు వెళ్ళే ముందు మీరొక కాగితం రాయండి. పెద్ద మాటలొద్దు. ఒక రోజు ఎలా గడుస్తుందో వేళల ప్రకారం రాయండి చాలు. తెల్లవారుజామున లేచి యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం, రాత్రి ఎన్నిసార్లు పక్కకు తిప్పడం, రోజు విడిచి రోజు మందు పెట్టి విరేచనం చేయించడం, దానికి ఎంతసేపు పడుతుంది, మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఎంతమంది పట్టాలి, స్నానానికి ఎవరు సాయం వస్తారు, పుండ్లు ఎప్పుడెప్పుడు పడ్డాయి, కాథెటర్ ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చి ఎన్నిసార్లు హాస్పిటల్లో చేరారు. డిశ్చార్జి సమ్మరీలన్నీ తేదీల వరుసలో జతచేయండి. చూస్తున్న న్యూరో సర్జన్ గానీ ఫిజియోథెరపీ వైద్యుడు గానీ రెండు వాక్యాలు రాసిస్తే మరీ మంచిది. ఆయనకు ముందురోజు రాత్రే చెప్పండి: "రేపు చేయలేనిది చేయలేనని చెప్పాలి. ఇది బలహీనత ఒప్పుకోవడం కాదు, నాకు రావాల్సిన కూలి అడగడం." మీరు కూడా బోర్డు గది దాకా వెళ్ళండి. లోపలికి రానివ్వకపోయినా కాగితం లోపలికి పంపించండి.

మంజూరయ్యాక అప్పుడప్పుడు ధ్రువీకరణ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టే రాసివ్వండి. ఎక్కువ కాలం ఏదైనా ప్రభుత్వ సంస్థలో ఉండి చూపించుకుంటే, చూసే మనిషి ఖర్చు వాళ్ళదే కాబట్టి, ఆ రోజులకు ఈ అలవెన్స్ అడగకూడదు.

స్లిప్పు చేతిలో ఉండగానే డిజెబిలిటీ ఎలిమెంట్ కూడా సరిచూడండి. వంద శాతానికి అది ఆఖరి జీతంలో 30 శాతం ఉండాలి. యుద్ధంలో, సరిహద్దు కాల్పుల్లో, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ఆపరేషన్లలో గాయపడ్డవాళ్ళకు దీని బదులు వార్ ఇంజురీ ఎలిమెంట్ వస్తుంది, అది దీనికంటే చాలా ఎక్కువ. బండి లోయలో పడటం మామూలుగా డ్యూటీ ప్రమాదం కిందికే వస్తుంది. సిక్కిం కాబట్టి ఆ ప్రయాణం ఏదైనా ఆపరేషన్ పేరు కింద జరిగిందా అన్నది కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కాగితంలో చూడండి. పేరు ఉందని అదే సరిపోదు, లేదంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఈ శీర్షిక చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. వంద శాతం కానివాళ్ళు రౌండింగ్ జరిగిందో లేదో చూసుకోండి. వైకల్యంతో ఇంటికి పంపినవాళ్ళకు 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 దాటితే వందగా లెక్కకట్టాలి. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చిన వైకల్య పింఛనుదారులకు కూడా ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలో ఇప్పటికీ 20 శాతం పింఛనే తీసుకుంటూ ఎవరినీ అడగని పెద్దవాళ్ళు ఉంటారు.

అమ్మా, ఇక మీ పేరు సంగతి. నవ్వకండి, డబ్బు కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. పింఛను ఆర్డరులో భార్య పేరు చోట ఏముందో చూడండి. మనవాళ్ళు సైన్యంలో చేరినప్పుడు ఇంటిపేరు ఒక్క అక్షరంతో రాయిస్తారు, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్ళయ్యాక భార్య పేరు సర్వీసు రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డరు పడేటప్పుడు యూనిట్ క్లర్కు తనకు వినిపించినట్టు రాసుకుంటాడు. ఇంట్లో సుబ్బులు, ఆధార్‌లో సుబ్బలక్ష్మి, రికార్డ్స్‌లో సుబ్బమ్మ. పుట్టిన తేదీ తెలియక జులై 1 వేసిన కేసులకు లెక్కే లేదు. ఆయన ఉన్నంతకాలం ఇవేమీ అడ్డు రావు. చెప్పక తప్పని మాట చెబుతున్నాను, ఏమనుకోకండి: రేపు ఫ్యామిలీ పింఛను మీ పేరు మీదికి మారాల్సి వచ్చినప్పుడు ఒక్క అక్షరం తేడాకు నెలల తరబడి తిప్పుతారు. ఆయన సంతకం చేయగలిగిన ఇప్పుడైతే అఫిడవిట్, ఆధార్, పెళ్ళి ధ్రువపత్రం పెట్టి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సరిచేయించడం తేలిక. పిల్ల పేరూ అలాగే. ఫ్యామిలీ పింఛనులోనూ రెండు రకాలున్నాయి. మామూలుది ఆఖరి జీతంలో 30 శాతం, స్పెషల్ అనేది 60 శాతం. ఆ వెన్ను గాయమే మరణానికి కారణమని తేలితే రెండోది అడగవచ్చు. వైద్యం కాగితం ఏదీ పారేయవద్దని నేను అనేది అందుకే.

సచివాలయం వాళ్ళు చెప్పింది సరైనదే. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు 15 వేలు ఇస్తున్నారు. కానీ ప్రభుత్వ పింఛను వచ్చే ఇంటికి అది వర్తించదు. ఎవరైనా పింఛను సంగతి దాచి పెట్టిద్దామంటే ఒప్పుకోకండి, తర్వాత వెనక్కి కట్టమంటారు. అయినా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ మాత్రం తీసుకోండి. సచివాలయంలోనే స్లాటు బుక్ చేస్తారు. రైల్వే దివ్యాంగ కార్డు కూడా చేయించుకోండి. తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్ళకు స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం రాయితీ, వెంట వెళ్ళే ఒక మనిషికీ అంతే. బోర్డుకో హాస్పిటల్‌కో చెన్నై, సికింద్రాబాదు వెళ్ళాల్సి వస్తే పనికొస్తుంది.

వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉందనే అనుకుంటున్నాను. మీకు, పాపకు కూడా వేరే కార్డులు ఉండాలి, లేకపోతే వెంటనే పెట్టండి. పాలీక్లినిక్‌లో మాత్రలు తీసుకుని వచ్చేయకండి. కాథెటర్, యూరిన్ బ్యాగు, గాలి పరుపు, చక్రాల కుర్చీ ఏది కావాలన్నా వైద్యుడి చేత చీటీలో రాయించండి. చీటీలో లేనిది అడిగే హక్కు లేదు. స్టాకు లేదంటే లేదని రాయించుకుని, బయట కొన్న బిల్లు పెట్టే పద్ధతి అడగండి. చాలామందిని మోసపుచ్చే ఒక సంగతి: కేంద్రీయ సైనిక్ బోర్డు మూడు చక్రాల స్కూటరుకు ఇచ్చే సాయం సర్వీసు అయిపోయాక వైకల్యం వచ్చినవాళ్ళకు. మీ ఆయనకు సర్వీసులోనే దెబ్బ తగిలింది కాబట్టి అలాంటివి ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ తరఫున అడగాలి. రెండోచోట పెట్టాల్సిన దరఖాస్తు మొదటిచోట పెట్టి, తిరస్కరించారని బాధపడినవాళ్ళు ఉన్నారు.

పుణె దగ్గర ఖడ్కీలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల కోసమే పునరావాస కేంద్రం ఒకటుంది. జీవితాంతం అక్కడే ఉండేవాళ్ళూ ఉన్నారు. ఆయన్ని అక్కడ వదిలేయమని చెప్పడం లేదు. కుర్చీలోకి తనంతట తాను మారడం, చేతులతో బరువు ఎత్తుకోవడం నేర్పేచోటు అది. మంచం నుంచి కుర్చీకి ఆయనే మారగలిగితే మీ నడుము మిగులుతుంది. సైనిక సంక్షేమ కార్యాలయంలో ఈ మాట కూడా అడిగి చూడండి.

పాప విషయం. ఇంటర్‌లో 60 శాతం తగ్గకుండా చూసుకోమనండి. ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, బీఈడీ లాంటి కోర్సుల్లో మొదటి ఏడాది చేరగానే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆడపిల్లలకు నెలకు 3,000. సర్వీసు కారణంగా వైకల్యం వచ్చినవాళ్ళ పిల్లలకు మామూలు మాజీ సైనికుల పిల్లల కంటే ముందు ప్రాధాన్యం. ఎంసెట్ అని ఇప్పటికీ అంటున్నాం కదా, ఆ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు వేరే కోటా ఉంది. దరఖాస్తులో ఆ గడిలో టిక్కు పెట్టడం మరిచిపోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ఈ రెండింటికీ తండ్రి వైకల్యం సర్వీసు వల్లే అని చూపే కాగితం కావాలి, అదీ పైన చెప్పిన బొత్తిలోనే ఉంది.

మీరు ఉద్యోగంలో చేరితే ఆయన పింఛను ఒక్క రూపాయి తగ్గదు. అటెండెన్స్ అలవెన్స్ వస్తే ఊళ్ళో తెలిసిన మనిషిని ఉదయం పూట పెట్టుకుని, మీరు సగం రోజైనా బడికి వెళ్ళగలరేమో ఆలోచించండి. లెక్క చూస్తే పెద్దగా మిగలకపోవచ్చు, వింజమూరులో ప్రైవేటు స్కూలు జీతాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అయినా వెళ్ళమనే నా సలహా. ఇన్నేళ్ళుగా మీరు మాట్లాడే మనుషులు ఎంతమంది? అత్తగారి మాటకు జవాబు ఏం చెప్పాలని మీరు అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. ఆవిడకు కూడా కొడుకు అలా పడిపోవడం తట్టుకోలేని సంగతి. దాన్ని కోడలి మీద తీర్చుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. వాదించకండి. వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన బాధ్యత పూర్తిగా ఆవిడకు అప్పగించి మీరు మీ అమ్మగారింటికో, నర్రవాడ వెంగమాంబ గుడికో వెళ్ళిరండి. పక్కకు తిప్పే వేళలు గోడ మీద రాసిపెట్టండి: రెండు గంటలకోసారి. ముడ్డిపూస, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడమనండి. ఆ పని ఒకపూట చేస్తే ఆవిడ మాట తీరు మారుతుందనే నా నమ్మకం, మారకపోయినా మీకు ఒక పూట దక్కుతుంది. నిద్ర పట్టక, ఊరికే ఏడుపొచ్చే రోజులుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఉండదు.

లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆయన్ని ఆటోలో ఎక్కించి ఎక్కడికీ తీసుకెళ్ళకండి. మీ ఫోన్‌లోనే ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇవ్వొచ్చు, లేదా పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి చేస్తాడు.

ఇవన్నీ చేశాక కూడా కాదని జవాబు వస్తే, జవాబు అందిన ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు, అదీ కాదంటే మళ్ళీ ఆరు నెలల్లో రెండో అప్పీలు, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి, నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు. ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవాళ్ళకు బకాయి కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళకే పరిమితం చేసిన సందర్భాలు ఉన్నాయి, అందుకే ఆలస్యం చేయవద్దంటున్నాను. లాయరు ఖర్చుకు భయపడకండి. దివ్యాంగులకూ ఆడవాళ్ళకూ 1987 చట్టం కింద న్యాయ సహాయం ఉచితం, ఆదాయ పరిమితి చూడరు. 2025 జులై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన అని సైనిక కుటుంబాల కోసమే మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం అందులో భాగం. నెల్లూరు వెళ్ళినప్పుడు దాని గురించి కూడా అడగండి.

బోర్డు ప్రొసీడింగ్స్ దొరగ్గానే, సహాయకుడు అవసరమా అన్న ప్రశ్న ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపండి. ఆయన పేరు, ఆర్మీ నంబరు మీద చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టి తీయండి. ఆ గడిలో ఏముందో చూసి, రికార్డ్స్‌కు రాయాల్సిన ఉత్తరం నమూనా తిరుగు టపాలో పంపిస్తాను.